నోరులేని జీవాన్ని హింసిస్తే కేసు ఉంటుందా?



ఈ నెల నాకు ‘తెలుసుకుందాం’ పేజీ ఇచ్చారు. జంతువుల మీద హింస గురించి, దాని మీద కేసు ఎలా పెడతారో రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ల దగ్గర ఎద్దులు, మేకలు, కోళ్లు, కుక్కలు ఉన్నాయి కదా. వాటిని ఎవరైనా నరికితే ఊరి పెద్దలు కూర్చుంటారు. వీధికుక్కకి విషం పెడితే పెద్దలు కూడా కూర్చోరు. పోలీసు స్టేషనుకు వెళ్లవచ్చని మా ఊళ్లో ఎవరికీ తెలీదు. నేను అడిగితే మా తాత నవ్వీసి, “ఏటే గుంటా, ఎద్దుకి కూడా కేసుంటాదేటి?” అన్నాడు. ఉంటుంది. మా సోషల్ మేడం చట్టం పుస్తకం తెచ్చి చదివించారు. అర్థం కాని మాటలు మేడం గారిని అడిగి తెలుసుకొని ఇది రాశాను.

చట్టం ఎలా వచ్చింది?

ప్రపంచంలో పశువులను హింసించకూడదని పార్లమెంటు చేసిన మొదటి చట్టాల్లో ఒకటి 1822లో ఇంగ్లండులో వచ్చింది. రిచర్డ్ మార్టిన్ అనే ఆయన దాని కోసం పట్టుబట్టాడు. మన దేశంలో తెల్లదొరల కాలంలోనే 1890లో ఒక చట్టం ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభ సభ్యురాలయ్యారు. ఆమె పేరున్న నాట్యకళాకారిణి. పాత చట్టం చాలదని ఆమె సభలో సొంతంగా బిల్లు పెట్టారు. అప్పుడు ప్రభుత్వమే చట్టం తెస్తామని చెప్పి 1960లో ‘జంతు హింస నివారణ చట్టం’ చేసింది. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే.

రాజ్యాంగంలో కూడా ఇది ఉంది. ప్రాథమిక విధులు మనం సోషల్‌లో బట్టీ పట్టాం కదా. 51ఎ లో ‘జి’ చూడండి. అడవులను, నదులను కాపాడాలని, ప్రాణులపై దయ చూపాలని రాసి ఉంటుంది. అది 1976లో చేర్చారు. పరీక్ష కోసమే రాశారనుకుంటాం గానీ అది మనందరి పని.

హింస అంటే ఏవేవి?

1960 చట్టం 11వ సెక్షనులో పెద్ద లిస్టు ఉంది. మనకు తెలిసినవి రాస్తున్నాను.

పశువును అనవసరంగా కొట్టడం, తన్నడం, మొయ్యలేని బరువు వెయ్యడం.
కుంటిదాన్ని, పుండు ఉన్నదాన్ని, ముసలిదాన్ని పనికి కట్టడం.
హాని చేసే మందు గాని పదార్థం గాని కావాలని పెట్టడం.
కదల్లేనంత చిన్న బోనులో ఉంచడం, ఎప్పుడూ పొట్టి గొలుసుతో కట్టేసి ఉంచడం.
పెంచుకున్నదానికి తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం. ఆకలికి చచ్చిపోయేలాగ వదిలెయ్యడం.
క్రూరంగా అవయవాలు నరకడం, క్రూరంగా చంపడం.
జంతువులకు, పక్షులకు పోట్లాట పెట్టడం.

ఈ చట్టం కింద వేరే నియమాలు కూడా ఉన్నాయి. బండి ఎద్దుతో రోజుకు 9 గంటలు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా 5 గంటలు మించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి కట్టకూడదు. ఇవి 1965 నియమాలు. 1978 నియమాల ప్రకారం ఒక లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు. మన కొత్తవలస దగ్గరి అలమండ సంతకు పశువుల బేరంలో పేరు. సంత నుంచి పశువుల బండి వస్తే ఈసారి లెక్కపెట్టండి.

పులి, ఎలుగుబంటి, నెమలి లాంటి అడవి జంతువులకు 1972 నాటి వన్యప్రాణి చట్టం వేరే ఉంది. అది అటవీ శాఖ వాళ్లు చూస్తారు.

మరి మనం కోడిని కోస్తాం కదా?

ఇది మా రూములో అందరూ అడిగారు. ఇంట్లో కోడిని కోసుకు తింటే కేసు పెడతారా అని ఒక చెల్లి భయపడింది. పెట్టరు. తిండి కోసం చంపడాన్ని ఈ చట్టం తప్పు అనలేదు. అనవసరమైన నొప్పి, బాధ పెట్టకూడదు అంది. తమ మతాచారం ప్రకారం చంపడం కూడా ఈ చట్టం కింద నేరం కాదని 28వ సెక్షను చెప్తుంది. కాకపోతే గుడి ఆవరణలో, జనం పూజకు చేరిన చోట బలులు ఇవ్వకూడదని 1950 నాటి రాష్ట్ర చట్టం ఇంకొకటి ఉంది.

కోడి పందేల సంగతి వేరు. కత్తి కట్టి పోట్లాట పెట్టడం తిండి కోసం కాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు చూసేవాళ్లకు సరదా, కోడికి చావు. సంక్రాంతికి కోడి పందేలు జరగకుండా చూడాలని 2016 డిసెంబరులో హైకోర్టు గట్టిగా చెప్పింది. అయినా పండగ వస్తే ఏం జరుగుతోందో మీకు తెలుసు.

శిక్ష ఎంత?

ఇక్కడ నాకు ఆశ్చర్యం వేసింది. 1960 చట్టం 11వ సెక్షను కింద మొదటిసారి తప్పు చేస్తే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అంతే. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాభై రూపాయలంటే ఇప్పుడు ఒక లాంగు నోటుబుక్కు.

కానీ ఇంకో చట్టం ఉంది. పాత శిక్షాస్మృతిలో 428, 429 అని రెండు సెక్షన్లు ఉండేవి. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఆ సెక్షన్లు. అయితే అందులో ముందు ధర అడిగేవారు. పది రూపాయలు చేసే జంతువైతే ఒక శిక్ష. ఆవు, ఎద్దు, గేదె, గుర్రం లాంటివైతే, లేదా యాభై రూపాయలు చేసే ఇంకే జంతువైనా సరే, ఎక్కువ శిక్ష. వీధికుక్కకు ధర ఎవరు కడతారు?

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 325వ సెక్షను. ఇప్పుడు ధర అడగరు. ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దీనికి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ రాయవచ్చు. ఊరికే కొట్టడం, తన్నడం అయితే ముందు మేజిస్ట్రేటు అనుమతి కావాలి.

పొన్నకల్ కుక్కల కేసు

తెలంగాణలో మహబూబ్‌నగర్ జిల్లా, అడ్డాకుల మండలంలో పొన్నకల్ అనే ఊరు ఉంది. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి కొందరు కారులో వచ్చి వీధికుక్కలను తుపాకీతో కాల్చారు. తెల్లారేసరికి 20 కుక్కలు చచ్చి పడి ఉన్నాయి.

అవి ఎవరివీ కావు. మా ఎద్దు చచ్చింది, డబ్బు కట్టండి అని అడిగే మనిషి లేడు. చచ్చినవి కుక్కలే కదా అని గోతిలో వేసి పూడ్చేస్తే అయిపోయేది. కానీ ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి పోలీసులకు ఫిర్యాదు రాసి ఇచ్చారు. అప్పటి 429వ సెక్షను, జంతు హింస నివారణ చట్టం కింద కేసు కట్టారు. మర్నెల మార్చిలో పోలీసులు హైదరాబాదు నుంచి ముగ్గురిని అరెస్టు చేశారు. వాళ్లలో ఒకాయన అత్తవారి ఊరు పొన్నకల్. అక్కడ ఆయన పెంపుడు కుక్కను వీధికుక్కలు కరిచి చంపాయని, ఆ కోపంతో ఇలా చేశారని పోలీసులు చెప్పారు.

కోపం వచ్చింది, నిజమే. పెంచుకున్న కుక్క చచ్చిపోతే ఎవరికైనా ఏడుపు వస్తుంది. దానికి 20 కుక్కలను కాల్చడం న్యాయమా? ఆ ఊళ్లో ఒక్క మనిషి కాగితం రాయకపోతే ఈ ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదు.

పంచాయతీ మీదే ఫిర్యాదు వచ్చిన చోటు కూడా ఉంది. 2021లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో వీధికుక్కలను పెద్ద సంఖ్యలో చంపి పూడ్చేశారని జంతు సంరక్షణ కార్యకర్తలు బయట నుంచి వచ్చి ఫిర్యాదు చేశారు. ఊరివాళ్లే చేసిన పనికి ఊరివాళ్లు ఎదురు చెప్పడం కష్టం. అందుకే బయటివాళ్లు రావలసి వచ్చింది.

కుక్కలు పిల్లలను కరుస్తున్నాయి కదా అంటారు. అదీ నిజమే. దానికి పద్ధతి ఉంది. కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, పిచ్చికుక్క రోగం రాకుండా టీకా వెయ్యాలని 2023 నియమాలు చెప్తున్నాయి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తీసుకెళ్లి, ఆపరేషను, టీకా చేసి షెల్టర్లలో ఉంచమంది. తీసుకెళ్లమంది, విషం పెట్టమనలేదు. ఇది మన వార్డెన్ మేడం గారికి కూడా పనికొస్తుందని రాశాను.

మా ఊళ్లో జరిగింది

మా ఊరు సాలూరు పై కొండల్లో ఉంది. పేరు రాయను. మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్లాను. కనుమ నాడు అందరూ ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, పూలు కట్టారు. మర్నాడు మా పెద్దమ్మ ఎద్దు తాడు తెంపుకొని పక్కవాళ్ల కంది చేలో పడింది. చేను ఆయనది. ఆయన పెద్దమ్మకు వరసకు మరిది. కోపంలో గొడ్డలితో దాని వెనక కాలు నరికీశాడు.

పెద్దమ్మకు పెదనాన్న లేడు. ఆ జత ఎద్దులే ఆధారం. పెద్దలు ఆ సాయంత్రమే కూర్చున్నారు. ఎద్దు ధర కట్టారు. పదిహేను వేలు మూడు విడతల్లో ఇవ్వాలని, తప్పు కింద ఊరికి ఒక మేక ఇవ్వాలని తీర్పు చెప్పారు. ఆయన ఒప్పుకున్నాడు. చేను పాడైనందుకు పెద్దమ్మ కూడా రెండు కుంచాలు కందులు ఇవ్వాలన్నారు. ఆమె ఒప్పుకుంది. అందరూ బాగా జరిగిందన్నారు.

ఆ ఎద్దు మాత్రం మూడు రాత్రులు చేను గట్టునే పడి ఉంది. లేవలేదు. మేం నీళ్లు పట్టాం, కాలికి పసుపు రాసి గుడ్డ కట్టాం. రాత్రి అది మూలుగుతుంటే మా ఇంటికి వినిపించేది. పశువుల డాక్టరు కొండ కింద ఉంటారు. 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుందని మాకు అప్పుడు తెలీదు. నాలుగోనాడు తెల్లారేసరికి చచ్చిపోయింది.

పెద్దలు తప్పు తీర్పు చెప్పారని నేను అనడం లేదు. కోర్టు వేసే యాభై రూపాయల కంటే వాళ్లు ఇప్పించిన పదిహేను వేలు పెద్దమ్మకు మేలు. కానీ వాళ్లు లెక్క కట్టింది పెద్దమ్మ నష్టం. ఎద్దు పడిన మూడు రాత్రుల బాధ ఎవరి లెక్కలోకీ రాలేదు. 1960 చట్టం లెక్కలోకి తీసుకునేది ఆ బాధనే. అందుకే జరిమానా చిన్నదైనా ఆ చట్టం నాకు పెద్దగా కనిపించింది.

ఇంకో మాట. పశువు చేలో పడితే నరకక్కరలేదు. పట్టి బందెలదొడ్డికి తోలవచ్చని 1871లోనే చట్టం చేశారు. మా ఊరికి బందెలదొడ్డి లేదు. అయితే కట్టేసి ఉంచి పెద్దలను పిలవవచ్చు కదా.

కేసు పెట్టాలంటే ఏం చెయ్యాలి?

1. ముందు ప్రాణం చూడాలి. 1962కి ఫోను చెయ్యాలి. లేకపోతే పశువుల ఆసుపత్రికి కబురు పంపాలి.
2. పశువుల డాక్టరు చేత గాయం సర్టిఫికెట్టు రాయించుకోవాలి. చచ్చిపోతే పోస్టుమార్టం అడగాలి. అంతవరకు పూడ్చకూడదు. విషం అనుమానం ఉంటే చేత్తో ముట్టకూడదు, మిగిలిన తిండి కూడా పారెయ్యకూడదు.
3. ఫోటోలు తియ్యాలి. తేదీ, టైము, చోటు రాసి ఉంచుకోవాలి. చూసినవాళ్ల పేర్లు రాసుకోవాలి.
4. ఫిర్యాదు రాసి స్టేషనులో ఇవ్వాలి. యజమానే ఇవ్వాలని లేదు, ఎవరైనా ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు. అర్జంటుకు 112.
5. స్టేషనులో తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపవచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు.
6. లాయరుకు డబ్బులు లేవని భయపడకూడదు. 1987 చట్టం ప్రకారం గిరిజనులకు, ఆడవాళ్లకు, పిల్లలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను 15100.
7. గడువు గుర్తుంచుకోవాలి. 1960 చట్టం కింద తప్పు జరిగిన మూడు నెలల లోపే కేసు పెట్టాలి. తర్వాత ఆ చట్టం కింద కుదరదు.

అందరూ చుట్టాలే అయిన ఊళ్లో ఎలా?

నిజంగా కష్టం ఇక్కడే ఉంది. పై లిస్టు రాయడం సులువు. మా ఊరు నలభై గడప. అందరూ వరసవాళ్లే. నేను కాగితం రాస్తానంటే పెద్దమ్మ ఏమందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. “ఒద్దమ్మా. ఆడి మీద కేసెడితే రేపు నా ఊడుపులకి ఎవులొస్తారు? నాకు జొరమొస్తే డోలీ ఎవులు మోస్తారు?” అంది. ఆమెకు భయమే కాదు, లెక్క కూడా తెలుసు. టౌనులో పక్కింటివాళ్లతో మాట్లాడకపోయినా బతకవచ్చు. కొండ మీద అలాగ కుదరదు.

దీని గురించి మేడం గారిని అడిగితే కొన్ని దారులు చెప్పారు. ఒక్కరి పేరుతో కాకుండా నలుగురు కలిసి సంతకాలు పెట్టి ఇవ్వవచ్చు. పొన్నకల్‌లో లాగ పంచాయతీ కార్యదర్శి చేత ఇప్పించవచ్చు. అప్పుడు కోపం ఒక్క మనిషి మీద పడదు. 325 సెక్షను కేసులో బెయిలు వస్తుంది. పశువు యజమాని కావాలంటే కోర్టు అనుమతితో రాజీ కూడా పడవచ్చు. కేసు పెడితే జీవితాంతం పగ అని అనుకోనక్కరలేదు.

నేను ఇంకొకటి అనుకుంటున్నాను. పెద్దలు కూర్చున్నప్పుడే రెండు మాటలు కలపమని మనం అడగవచ్చు. ఒకటి, తప్పు కట్టే మనిషే ముందు డాక్టరును తీసుకురావాలి. రెండు, ఇంకోసారి ఎవరు నరికినా ఊరే కాగితం రాసి స్టేషనుకు పంపాలి. ఇది ముందే చెప్పి ఉంచితే గొడ్డలి ఎత్తేవాడు ఒక్కసారి ఆలోచిస్తాడు.

మా ఎద్దు కేసుకు ఏప్రిల్ సగానికి మూడు నెలలు అయిపోతాయి. మా అన్నయ్య ఫోనులో రెండు ఫోటోలు ఉన్నాయి. డాక్టరు సర్టిఫికెట్టు లేదు. ఉగాదికి ఇంటికి వెళ్తాను. ఇది పెద్దమ్మకు, మా తాతకు, పెద్దలకు చదివి వినిపిస్తాను. కేసు పెట్టాలనే నా కోరిక. పెద్దమ్మ ఒద్దంటే ఆమె చేలో పని చేసేది ఆమే గానీ నేను కాదు, అదీ నాకు తెలుసు. కానీ తెలిసి ఒద్దనడం వేరు, తెలీక ఊరుకోవడం వేరు. మా ఊళ్లో ఇన్నాళ్లూ తెలీక ఊరుకున్నారు.

మీ ఊళ్లో అవసరమైతే ఇలాగ రాయవచ్చు. నోటుబుక్కులో ఎక్కించుకోండి.

“స్టేషను హౌస్ ఆఫీసరు గారికి. అయ్యా, ఫలానా తేదీ ఫలానా టైముకు, ఫలానా ఊళ్లో, ఫలానా వారు ఫలానా జంతువును ఫలానా దానితో కొట్టి (లేక నరికి, విషం పెట్టి) గాయపరిచారు (లేక చంపారు). చూసినవారు ఫలానా వారు. డాక్టరు గారి సర్టిఫికెట్టు, ఫోటోలు జతచేశాము. భారతీయ న్యాయ సంహిత 325, జంతు హింస నివారణ చట్టం 1960 సెక్షను 11 ప్రకారం కేసు నమోదు చెయ్యమని కోరుతున్నాము. ఇట్లు, సంతకాలు.”

చదవడం రాని ఇంట్లో మనమే మొదట చదువుకున్నాం. కాగితం రాయాల్సి వస్తే మన ఊళ్లల్లో మననే పిలుస్తారు. అందుకే ఇది నేర్చుకొని ఉండాలని నా మనవి. తప్పులుంటే అక్కలు, మేడంలు సరిదిద్దండి.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి అమ్మాయి